మేకు కొట్టని వంటిల్లు

మూడో అంతస్తు యూలాన్ వంటింటిని చూసినవాళ్ళెవరూ అది ఆమె వంటిల్లని అనుకోరు. అత్తగారు పోయి ఎంతో కాలమైనా అది అత్తగారి వంటిల్లుగానే ఉండిపోయింది. గోడలకి గులాబీ రంగు టైల్స్, వాటి మధ్య అక్కడక్కడ గోధుమరంగు పువ్వులు. అది ఏ పువ్వో కనిపెట్టాలని అక్కడ టీ తాగుతూ చాలాసార్లు ప్రయత్నించాను. చివరికి యూలానే చెప్పింది.

"అది పువ్వు కాదు మాస్టారూ, మా అత్తగారి మొహం. కోపంగా ఉన్నప్పటిది."

అత్తగారు పొట్టి మనిషి. వంటగట్టు తన ఎత్తుకి కట్టించుకుంది. యూలానేమో మా వీధి ఆడవాళ్ళందరిలోకీ పొడుగు. పెళ్ళై వచ్చిన రోజు నుంచీ ఆ గట్టు ముందు నడుం వంచే నిలబడింది. పగలంతా మా కీలుంగ్ రేవు పక్క చేపల మార్కెట్లో వంగి చేపలు శుభ్రం చెయ్యడం, ఇంటికొచ్చి మళ్ళీ వంగి వండటం. ఆమె నిటారుగా నిలబడేది మెట్ల మీద ఎవరైనా మాటలకి దొరికినప్పుడే. అందుకేనేమో దొరికినవాళ్ళని ఒక పట్టాన వదిలేది కాదు. భర్త పోయాడు, కొడుకు పోహాన్ పెద్దవాడై రోజూ బస్సెక్కి తైపేకి ఉద్యోగానికి వెళ్ళొస్తున్నాడు, కోడలు వాన్‌టింగ్ వచ్చింది. గట్టు మాత్రం అంగుళం లేవలేదు.

మార్కెట్టు పని మానేసిన రోజు, వాళ్ళు చేతిలో పెట్టిన కొద్దిపాటి మొత్తంతో వంటిల్లు బాగుచేయించుకోవాలని నిర్ణయించుకుంది. ముందు ఒక ఇంటీరియర్ ఆయన వచ్చాడు. నున్నటి కాయితాల మీద బొమ్మలు చూపించి ధర చెప్పాడు. యూలాన్ ఆయనకి ఇంకో కప్పు టీ పోసింది.

"తాగండి. అంత మాట అన్నాక గొంతు ఎండిపోయుంటుంది."

ఆయన వెళ్ళాక తమ్ముడు ఆకున్‌కి కబురు పెట్టింది. ఆకున్ తాపీమేస్త్రీ. కూలి అక్కర్లేదన్నాడు. వేరే ఇళ్ళలో మిగిలిపోయిన టైల్స్ పోగుచేసి తెచ్చాడు. అన్నీ తెల్లవే గాని ఏ రెండూ ఒకే తెలుపు కాదు.

"తెలుపులో ఇన్ని రకాలుంటాయని నాకింతవరకూ తెలీదురా."

"ఆవిరి పట్టాక అన్నీ ఒకటే అక్కా. వంటింట్లో అందరి మొహాలూ ఒకేలా ఉండవూ, అలాగే."

మూసేసిన నూడుల్స్ హోటల్ ఒకదాని అలమర తలుపులు సంపాదించాడు. గట్టు కింద ఇటుకలు పెట్టి ఎత్తు లేపుతానన్నాడు. కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి అందరూ కలిసి తినే భోజనం నాటికి యూలాన్ నిటారుగా నిలబడి చేప వేయించేలా చేస్తానని మాటిచ్చాడు. మొదటి రోజు పొయ్యి వెనక గోడ సగం పగలగొట్టాడు. మా ఇల్లు సరిగ్గా కింద. నా టీలో సున్నం పడింది. యూలాన్ సంబరం తెలుసు కాబట్టి ఆ టీ అలాగే తాగేశాను.

మర్నాడు పొద్దున ఆకున్ సుత్తి పట్టుకుని వచ్చేసరికి ఆమె రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టి నిలబడి ఉంది. పేపరు తీసుకోవడానికి వచ్చిన నాకు మెట్ల మీంచి మాటలన్నీ వినిపించాయి.

"ఇవాళ వద్దురా. రోజు మంచిది కాదు."

"క్యాలెండరు చూసే వచ్చా. పగలగొట్టడానికి భేషైన రోజు."

"అయితే రేపు."

"రేపేమవుతుంది?"

"రేపు కూడా వద్దు."

ఆకున్ సుత్తి కిందపెట్టాడు. గొంతు తగ్గించాననుకుని అడిగాడు. "అక్కా, ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా. సగం గోడ పగిలాక మేస్త్రీని వెనక్కి పంపే ఇళ్ళు రెండే రకాలు. చేతిలో డబ్బులైపోయినవాళ్ళు, ఇంట్లో ఎవరికో కడుపొచ్చినవాళ్ళు. నీకు డబ్బు ఖర్చే లేదు."

"నోరు ముయ్యరా."

"మూశా. ఎన్నో నెల?"

మా ఊళ్ళో ఎవరైనా కడుపుతో ఉంటే ఆ ఇంటికి కడుపుదేవుడు వస్తాడు. ఒకరోజు గుమ్మంలో కూర్చుంటాడు, ఒకరోజు మంచం కింద, ఒకరోజు పొయ్యి దగ్గర. ఆ రోజు ఎక్కడున్నాడో గోడమీద చింపుకునే క్యాలెండర్లో ఒక మూల చిన్నచిన్న అక్షరాల్లో ఉంటుంది గాని, ఎవరూ దాన్ని నమ్ముకుని సుత్తి ఎత్తరు. ఆయన కూర్చున్న చోట మేకు దిగితే అది బిడ్డకి తగులుతుందంటారు. కాబట్టి బిడ్డ పుట్టేదాకా ఆ ఇంట్లో మేకు కొట్టరు, గోడ తవ్వరు, బరువైన సామాను జరపరు.

అయితే యూలాన్ భయం ఒక్క మేకు గురించే కాదు. అంతకు ముందు ఏడాది వాన్‌టింగ్‌కి నెల తప్పింది. మూడు నెలలు నిండేదాకా చెప్పకూడదని తెలిసీ యూలాన్ ఆగలేకపోయింది. ఆ సాయంత్రానికే కింద సెలూన్ నుంచి పై అంతస్తుదాకా అందరికీ తెలుసు. కొన్ని రోజులకే ఆ కడుపు పోయింది. తర్వాత ఆ అమ్మాయి మెట్లెక్కుతుంటే ప్రతి అంతస్తులోనూ ఎవరో ఒకరు తలుపు తీసి, తల పక్కకి వంచి, "ఆరోగ్యం చూసుకో తల్లీ" అనేవాళ్ళు. ఆ అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. వాన్‌టింగ్ రేవు ఆఫీసులో లెక్కలు చూస్తుంది, నెమ్మదైన పిల్ల. అందరికీ తలూపి వెళ్ళిపోయేది. ఈసారి మాత్రం అత్తగారికి విషయం చెప్పిన రాత్రే అడిగిందట.

"అత్తయ్యా, ఒక్కటే కోరిక. బిడ్డ చేతికొచ్చేదాకా ఎవరికీ తెలియకూడదు. ఈసారి మెట్ల మీద ఎవరూ నన్ను చూసి తల పక్కకి వంచకూడదు."

యూలాన్ మాటిచ్చింది. ఆమె నోటికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. పైగా ఆ పగలే పొయ్యి వెనక గోడ పగిలి ఉంది. ఆ రోజు కడుపుదేవుడు ఎక్కడ కూర్చున్నాడో చూద్దామంటే ధైర్యం చాలక క్యాలెండరు కాయితం చూడకుండానే చింపి మింగేసినంత పని చేసిందని, చాలాకాలం తర్వాత తనే చెప్పింది.

పని ఎందుకాగిందో మేడలో అందరికీ ఏదో ఒకటి చెప్పాలి కదా. తమ్ముడికి నడుం పట్టేసిందని చెప్పింది. ఆకున్‌కి ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటినుంచి పాపం అక్కని చూడటానికి వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని మెట్టుకో మూలుగు మూలుగుతూ ఎక్కేవాడు. కింద సెలూన్ నడిపే చిన్‌చూ అతనికి నాటు మందు పట్టీలు ఇచ్చింది. నాలుగో అంతస్తు కావ్ గారు, ఓడల్లో ఇంజనీరుగా చేసినాయన, తన నడుం బెల్టు తీసిచ్చారు. ఆకున్ అన్నీ తీసుకుని వంచిన తలతో దణ్ణం పెట్టి, పైకెళ్ళి అక్కకిచ్చేవాడు. నిజంగా నడుం నొప్పి ఉన్నది ఆమెకే కాబట్టి అవేమీ వృథా పోలేదు.

ఒక పొద్దున చిన్‌చూ చేపలు కొనడానికి రేవుకి వెళ్ళింది. అక్కడ కడుతున్న ఒక ఇంటి ముందు ఆకున్ ఒక్కో భుజం మీద ఒక్కో సిమెంటు బస్తా వేసుకుని, ఈల వేసుకుంటూ నిచ్చెన ఎక్కుతున్నాడు. చిన్‌చూ చేపలు కొనకుండానే వెనక్కొచ్చి సెలూన్ షట్టరు సగానికి దించి, కావ్ గారినీ నన్నూ లోపలికి పిలిచింది.

"నడుం నొప్పి కాదు," అంది.

"మరి?" అన్నారు కావ్ గారు.

"మీ ఆవిడకి ఇద్దరు పిల్లలు పుట్టారు కదా, మీరెక్కడున్నారప్పుడు?"

"సముద్రం మీద."

"అదీ సంగతి. మాస్టారూ, మీరైనా చెప్పండి."

చెప్పాను. కావ్ గారు తువ్వాలు కప్పిన కుర్చీలో కూర్చుని అద్దంలో తనని తానే చూసుకుంటూ కాసేపు ఆలోచించారు. "నేను ఈ వారం కిటికీ మీది రేకు మార్పించాలి. డ్రిల్లింగు మెషిను కూడా కొన్నాను," అన్నారు.

"మార్పించరు," అంది చిన్‌చూ.

"ఆ దేవుడు ఉండేది మూడో అంతస్తులో కదమ్మా. నాది నాలుగు."

"మూడో అంతస్తు దాటి రానని ఆయన మీకు రాసిచ్చాడా? మెట్లెక్కలేడా? పైగా గోడ ఒకటే. మీరక్కడ పొడిస్తే ఇక్కడ అదురుతుంది." తర్వాత నా వైపు తిరిగింది. "మీ పుస్తకాల అర కూడా అంతే. బిగించరు. నా కొత్త అద్దం అదుగో, గోడకి ఆనించి ఉంది, అలాగే ఉంటుంది. ఇంకో మాట. పోయినసారి మనమందరం ఆ పిల్లని చూసి జాలి మొహాలు పెట్టాం. నేనే ఎక్కువ పెట్టాను. ఈసారి ఎవరికీ ఏమీ తెలీదు. ఎదురైతే వాన గురించి మాట్లాడండి."

"వాన గురించి ఏం మాట్లాడాలి?"

"ఏడాదంతా వాన పడే కీలుంగ్‌లో పుట్టి ఆ మాట అడుగుతున్నారా."

పైనున్న వాళ్ళకి ఆమే చెప్పింది. ఆ రోజు నుంచి మా మేడలో ఎవరూ ఒక మేకు కొట్టలేదు. ఆ సంగతి యూలాన్‌కి తెలియనివ్వలేదు. తన రహస్యం కాపాడుకోవడంలో మునిగి ఉన్న మనిషికి పక్కవాళ్ళ నిశ్శబ్దం వినబడదు.

ఆమె అక్కడ సగం పగిలిన గోడతో, మేకు లేకుండా వంటిల్లు బాగుచేసే పనిలో పడింది. ముందు టీ గింజల పిండి నీళ్ళలో కలిపి గులాబీ టైల్స్‌కి పట్టిన జిడ్డంతా తోమింది. తోమాక అవి గులాబీ కావని, లేత నారింజ అని తేలింది. "ఇన్నేళ్ళూ తప్పు రంగుని తిట్టుకున్నాను మాస్టారూ," అంది. తర్వాత చలువరాయి గీతలున్న జిగురు కాయితం అలమరలకి అంటించింది. మా ఊరి తేమకి అది వారం తిరక్కుండా అంచుల దగ్గర లేచి, పలకరిస్తున్నట్టు ఊగేది. గోడకి గాలి పీల్చుకుని అంటుకునే కొక్కేలు తెచ్చి వాటికి మూకుళ్ళు వేలాడదీసింది. అవి ఎప్పుడు జారతాయో ఎవరికీ తెలీదు. మూకుడు పడ్డప్పుడల్లా కింద నాకు ముందు దబ్బున చప్పుడు, ఆ వెంటనే ఆమె గొంతు వినిపించేవి. "నేను కాదండీ, అదే పడింది. మీరు కూర్చోండి, లేవకండి."

దేవుడితో ఆమె మాటల తీరే అంత. బియ్యం డబ్బా జరపాలన్నా ముందు కొత్త చీపురుతో నేల మీద మెల్లగా ఊడ్చేది. "అయ్యా, కాస్త అటు జరగండి. ఒక్క నిమిషం. మళ్ళీ మీ చోటు మీకే." మా మేడలో ఎవరితోనూ ఆమె అంత మర్యాదగా మాట్లాడగా నేను వినలేదు.

ఇక పగిలిన గోడ. ఇటుకలు బయటికి కనిపిస్తూ, నూనె చిందితే లోపలికి పీల్చుకుంటూ ఉంది. మేకు కొట్టకుండా రెండు గోడల మధ్య బిగించే స్ప్రింగు కర్రలుంటాయి. వాటిని చూడగానే యూలాన్ మనసు పారేసుకుంది. ఒక కర్రకి గరిటెలు, ఒక కర్రకి తువ్వాళ్ళు, ఒక కర్రకి ఎండు వెల్లుల్లి. పగిలిన గోడకి అడ్డంగా ఇంకో కర్ర కట్టి, దానికి ఎన్నికల్లో ఓడిపోయిన మా వార్డు అభ్యర్థి ఒకాయన బ్యానరు వేలాడదీసింది. ఎంత కడిగినా చెక్కుచెదరని గుడ్డ అది. మొహం లోపలికి తిప్పి కట్టింది గాని, అన్నం ఉడికి ఆవిరి కమ్మితే తడిసిన గుడ్డలోంచి ఆయన నవ్వు మెల్లగా బయటికి తేలేది.

"ఓట్లప్పుడు ఒక్కసారైనా మా వంటింట్లోకి రాలేదు," అంది ఆకున్‌తో. "ఇప్పుడు వెళ్ళమన్నా వెళ్ళడం లేదు."

"ఇంకోసారి నిలబడితే వేస్తావా?"

"వేస్తాను. నూనె బాగా ఆపుతున్నాడు."

కొత్త సంవత్సరం భోజనం ఆ గుడ్డ ముందే, ఆ పొట్టి గట్టు మీదే, వంగే వండింది. చేప మాత్రం అమోఘంగా కుదిరిందని అందరికీ గిన్నెల్లో పంపించింది.

చలి తగ్గేసరికి వాన్‌టింగ్ కడుపు గొడుగు వెనక దాగేది కాదు. అయినా ఎవరూ చూడలేదు. ఆ అమ్మాయి మెట్ల మీద ఎదురైతే గోడకి అతుక్కుపోయి దారిచ్చి, "ఈ వాన ఆగేలా లేదు" అనేవాళ్ళం. "అవునండీ" అనేది. యూలాన్ ముందు జాగ్రత్తగా అందరికీ చెప్పి పెట్టింది. "మా కోడలు కాస్త ఒళ్ళు చేసింది. కూర్చుని చేసే ఉద్యోగం కదా."

"అవును వదినా, కుర్చీలే అలాంటివి," అనేది చిన్‌చూ, కత్తెర ఆపకుండా.

ఒక సాయంత్రం వాన్‌టింగ్ పొరపాటున మా పెట్టెలో పడ్డ తన ఉత్తరం కోసం నా గుమ్మంలోకి వచ్చింది. నేల మీద పలకలు వేసి పేర్చిన పుస్తకాల వైపు చూసింది. తేమకి కింది వరస ఉబ్బి ఉంది. గోడకి ఆనించిన అర, దాని పక్కన విప్పని మేకుల పొట్లం.

"ఇంకా బిగించుకోలేదా మాస్టారూ?"

"వాన తగ్గనీ అని."

"ఇంటి లోపల అరకి వానతో పనేమిటి?"

ఆ అమ్మాయి మేకుల పొట్లం కేసి, తర్వాత పైన తమ ఇంటి నేల కేసి చూసింది. ఉత్తరం తీసుకుని, గుమ్మంలో తిరిగి, "నిజమే, ఈ ఏడు వానలు ఎక్కువ," అని వెళ్ళింది.

నెలలు నిండబోతుండగా ఒకరోజు మధ్యాహ్నం ఆ అమ్మాయికి నొప్పి వచ్చి యూలాన్ టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వెళ్ళేముందు చిన్‌చూతో "పన్ను నొప్పి" అని చెప్పింది. రెండు చేతులతో కడుపు పట్టుకున్న మనిషికి పన్ను నొప్పి. చిన్‌చూ తలూపి, టాక్సీ తలుపు వేసి, లోపలికొచ్చి సగం కత్తిరించిన జుట్టు ముందు చాలాసేపు ఊరికే నిలబడింది. పైన కావ్ గారి ఇంట్లో కారే నీళ్ళ చప్పుడు ఆ రోజు ఆగిపోయింది. రేకు మార్పించుకోక ఆయన కిటికీ కింద బకెట్టు పెట్టుకుని బతుకుతున్నారు. ఆ మధ్యాహ్నం చప్పుడు కాకుండా అందులో తన పాత చొక్కా వేశారట.

సాయంత్రానికి వాళ్ళు తిరిగొచ్చారు. ఏమీ కాలేదు, తొందరపడ్డ నొప్పి. చిన్‌చూ మెట్ల దగ్గరే ఉంది. వాన్‌టింగ్‌ని చూసి నోరు తెరిచింది. తల ఒక పక్కకి వంగబోయింది. మెడ పట్టేసినదానిలా దాన్ని నిటారుగా లాక్కుంది.

"వాన..." అంది.

"తగ్గింది," అంది వాన్‌టింగ్. "ప్రస్తుతానికి తగ్గింది అత్తా."

ఎండాకాలపు మొదట్లో ఆడపిల్ల పుట్టింది. అప్పుడు కూడా యూలాన్ నోరు విప్పలేదు. నెల పూర్తయి కోడలు మంచం దిగేదాకా ఆగింది. ఆ రోజు మా ఊరి ఆనవాయితీ ప్రకారం నువ్వుల నూనె వేసి వండిన జిగురన్నం, ఎర్రరంగు గుడ్లు గిన్నెల్లో పెట్టుకుని, నిటారుగా నడుచుకుంటూ అంతస్తులన్నీ ఎక్కింది. "మనవరాలు. మీరెవరూ ఊహించి ఉండరు," అంది ప్రతి గుమ్మంలో. మేము ఆశ్చర్యపోయాం. కావ్ గారు ఆశ్చర్యపోవడం సాధన చేసుకుని ఉన్నారేమో, ఆమె తలుపు తట్టగానే గిన్నె మూత తియ్యకముందే "మనవరాలా" అనేశారు. అదృష్టం కొద్దీ ఆ ఆనందంలో ఆమె గమనించలేదు.

మర్నాడు పొద్దున్నే నాలుగో అంతస్తులో డ్రిల్లింగు మెషిను మోగింది. అది ఆగేలోగా కింద సెలూన్లో అద్దం బిగిస్తున్న సుత్తి. పై అంతస్తులో ఎవరిదో తలుపు బందు. ఇక ఆలస్యమెందుకని నేనూ మేకుల పొట్లం విప్పి, అర బిగించడం మొదలుపెట్టాను. కాసేపటికి మా మేడంతా ఓడ కట్టే రేవులా ఉంది.

యూలాన్ మూడో అంతస్తు మెట్ల మీదికి వచ్చి నిలబడింది. పైకి చూసింది, కిందికి చూసింది. నా గుమ్మంలోకి దిగి వచ్చి నా చేతిలో సుత్తిని చూసింది. ఆ అర మా ఇంట్లో ఎప్పటినుంచి గోడకి ఆనించి ఉందో ఆమెకి తెలుసు.

"అందరూనా?" అంది.

"అందరూ."

"ఎప్పట్నించి?"

"మీ తమ్ముడు నడుం నొప్పితో సిమెంటు బస్తాలు మోసిన రోజు నుంచి."

మెట్టు మీద కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుంటుందనుకున్నాను. ఆమె వేళ్ళు మడుస్తోంది. "అంటే ఆ పన్ను నొప్పి..."

"నమ్మలేదు."

"కుర్చీల వల్ల ఒళ్ళొచ్చిందన్నది?"

"అదీ నమ్మలేదు."

"మరి అంత కష్టపడి ఎందుకండీ నాచేత అన్ని అబద్ధాలు ఆడించారు?" అని తిట్టడం మొదలుపెట్టింది. నెలల తరబడి దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా మా మీదే పడ్డాయి. ఆ అరుపుకి పై నుంచి కావ్ గారు, కింద నుంచి చిన్‌చూ పని ఆపి వచ్చారు. సుత్తులు ఆగాయి. మేడంతా నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలో మూడో అంతస్తులో పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. చేతుల్లో పిల్లతో వాన్‌టింగ్ మెట్ల మీదికొచ్చింది.

"ఎందుకాపారు?" అంది. "ఇంతసేపూ హాయిగా పడుకుంది. ఆ చప్పుడు ఆగగానే లేచింది."

మేమందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. యూలాన్ లేచింది.

"అన్నయ్యగారూ, మళ్ళీ మొదలుపెట్టండి."

"అయిపోయిందమ్మా. నా కిటికీకి ఇంకెక్కడా కన్నాలు పెట్టే చోటు లేదు," అన్నారు కావ్ గారు.

"నా గోడ ఉంది," అంది యూలాన్. "సగమే పగిలింది. రండి."

ఆకున్‌కి ఫోను చేశారు. అతను నడుం మీద చెయ్యి లేకుండా, రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. అలవాటు కొద్దీ యూలాన్ ముందు చీపురు తీసి పొయ్యి దగ్గర ఊడ్చింది. ఎవరినీ జరగమనలేదు గాని, అటు చూసి ఒక్కసారి తల వంచింది. అభ్యర్థిగారిని కర్ర మీంచి దించి, మడతపెట్టి, సున్నం పడకుండా గట్టు మీద పరిచింది. ఆకున్ మొదటి దెబ్బ వేశాడు. గోధుమరంగు పువ్వొకటి రాలి కిందపడింది.

పిల్ల ఏడుపు ఆపింది. ఇంకో దెబ్బకి కళ్ళు మూసుకుంది.